తప్పుడు కేసులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచిత లాయరు: ఏ దశలో ఎంత పనికొస్తాడు

కర్నూలు, కడప, అనంతపురం మూడు చోట్లా జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ముద్దాయి తరఫున పైసా తీసుకోకుండా క్రిమినల్ కేసు నడిపే లాయర్లు అక్కడ దొరుకుతారు. లోక్ అదాలత్ పెట్టేవాళ్లుగా ఆ సంస్థ అందరికీ తెలుసు. చేయని నేరానికి ఇంట్లో మనిషిని జీపెక్కించుకుని పోతే ఆ రాత్రే వాళ్లను అడగొచ్చన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

మా అభిప్రాయం ముందే చెప్తాం. మనిషిని జైలు నుంచి బయటికి తెచ్చే పనిలో ఈ సేవ గట్టిది. నిర్దోషి అని చూపించే సాక్ష్యం వెతికి తెచ్చే పనిలో బలహీనం. కేసు కొట్టేశాక, పోయిన ఏళ్లకు పరిహారం ఇప్పించే పనిలో దాదాపు ఏమీ లేదు. ఈ చివరిది లాయర్ల తప్పు కాదు, చట్టంలోనే దారి లేదు.

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద నడిచే సేవ ఇది. 2022 దాకా సంస్థ జాబితాలో ఉన్న బయటి లాయర్లు, అంటే ప్యానెల్ లాయర్లే చూసేవాళ్లు. వాళ్లకు సొంత ప్రాక్టీసు ఉంటుంది, ఒక్కో కేసుకు వచ్చే ఫీజు చాలా తక్కువ, అందుకని ఉచిత కేసు వరుసలో చివరికి పోయేది. 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ విధానం వచ్చింది. చీఫ్, డిప్యూటీ చీఫ్, అసిస్టెంట్ కౌన్సిళ్లు నెల జీతం మీద పూర్తి సమయం ముద్దాయిల కేసులే చూస్తారు, బయటి కేసులు పట్టకూడదు. చీఫ్‌కు కనీసం పదేళ్ల క్రిమినల్ ప్రాక్టీసు ఉండాలి. ఈ మార్పు మంచిదే. రోజూ రిమాండ్లు, బెయిళ్లు చూసే చెయ్యికి వచ్చే వేగం వేరు.

మన ప్రాంతంలో దీనికొక చిక్కుంది. ఊళ్లో గొడవ జరిగితే రెండు వర్గాల మీదా కేసు, కౌంటర్ కేసు పడతాయి. రెండు వైపుల వాళ్లూ జైల్లో ఉంటారు, ఇద్దరూ ఉచిత లాయర్నే అడుగుతారు. ఒకే ఆఫీసు రెండు పక్షాలనూ వాదించకూడదు. ఒకే కేసులో మొదటి ముద్దాయి (ఏ1) నేరాన్ని మూడో ముద్దాయి (ఏ3) మీదికి నెట్టే పరిస్థితి ఉన్నా అంతే. అలాంటప్పుడు ఒక పక్షానికి ప్యానెల్ లాయర్ని ఇస్తారు. దరఖాస్తులోనే ‘ఎదుటి పక్షానికి కూడా మీ ఆఫీసే చూస్తోంది’ అని ఒక వాక్యం రాస్తే ఆలస్యం తగ్గుతుంది.

ఎవరికి ఇస్తారన్న దానిమీద అపోహలు ఎక్కువ. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, పరిశ్రమల కార్మికులకు ఆదాయంతో పని లేదు. కస్టడీలో ఉన్న మనిషికి కులం, ఆదాయం, ఆస్తి ఏదీ అడగరు, పదెకరాల రైతైనా అర్హుడే. బయట ఉన్న మిగతావాళ్లకే ఏడాదికి 3 లక్షల ఆదాయ పరిమితి. ముందస్తు బెయిల్ కావాలనుకునే వాళ్లు సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రం తీసుకుని పోవాలి. టోల్‌ఫ్రీ నంబరు 15100. నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు, హిందూపురం లాంటి కోర్టులున్న ఊళ్లలో మండల న్యాయ సేవాధికార సంఘానికి కాగితం ఇచ్చినా జిల్లా ఆఫీసుకు చేరుతుంది. జైల్లో ఉంటే సూపరింటెండెంటు ద్వారా. పంచలింగాలలోని కర్నూలు జిల్లా జైల్లోనైనా, రెడ్డిపల్లిలోని అనంతపురం జిల్లా జైల్లోనైనా, కడప కేంద్ర కారాగారంలోనైనా లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండాలి. వకాలత్ (లాయర్ని పెట్టుకుంటున్నట్టు ఇచ్చే కాగితం) మీద ముద్దాయి సంతకాన్ని జైలు అధికారి ధ్రువీకరిస్తే చాలు. జిరాక్సులు, సర్టిఫైడ్ కాపీల ఖర్చు కూడా సంస్థదే. లాయరు డబ్బులడిగితే అది నిబంధనకు విరుద్ధం, సంస్థ కార్యదర్శికి రాసి ఇవ్వాలి. ఆ కార్యదర్శి జడ్జి హోదాలో ఉండే అధికారి. లాయర్ని మార్చమని అడిగే హక్కు కూడా ఉంది.

ఈ సేవకు ప్రాణమంతా మొదటి 24 గంటల్లోనే ఉంది. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో ముందు నోటీసు ఇవ్వాలి. జనం ఇప్పటికీ 41ఏ అనే నోటీసే ఇది. 2024 జూలై 1 నుంచి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 35(3) అయింది. ఇకపై చట్టం పేరు లేకుండా చెప్పే సెక్షన్లన్నీ దీనిలోవే. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అయినా వచ్చింది కదా అని ఊరుకోకూడదు, హాజరు కాకపోతే అదే అరెస్టుకు కారణంగా రాస్తారు. పోయి, హాజరైనట్టు కాగితం మీద సంతకం తీసుకోవాలి. అరెస్టు చేస్తే కారణాలు రాతపూర్వకంగా, అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ముందే ఇవ్వలేని పరిస్థితి ఉన్నా, మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి కనీసం రెండు గంటల ముందు ఇచ్చి తీరాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. విచారణ సమయంలో లాయర్ని కలిసే హక్కు సెక్షన్ 38 ఇస్తుంది, మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చోనివ్వరు గానీ కలవనిస్తారు. రాత్రి తొమ్మిదింటికి కుటుంబం ఫోన్ చేస్తే మర్నాడు రిమాండుకు లాయరు సిద్ధంగా ఉంటాడు. మూడు రోజులు పెద్దమనుషుల చుట్టూ తిరిగి వస్తే, ఆ మూడు రోజుల్లో రాసుకోవాల్సిన కాగితాలన్నీ పోలీసులు రాసేసుకుని ఉంటారు.

మేజిస్ట్రేటు ‘కొట్టారా?’ అని అడుగుతాడు. తెచ్చిన కానిస్టేబుళ్లు పక్కనే ఉంటారు. చాలామంది తల అడ్డంగా ఊపుతారు. ఆ జవాబు రిమాండ్ ఆర్డరులోకి ఎక్కుతుంది, రెండేళ్ల తర్వాత విచారణలో ‘నన్ను హింసించి ఒప్పించారు’ అంటే అదే ఆర్డరు ఎదురు నిలుస్తుంది. ఉచిత లాయరు రిమాండు దగ్గర ఉంటే పట్టుబట్టాల్సిన మొదటి పని ఇదే: పోలీసుల్ని అవతలికి పంపి అడగమని కోరడం, దెబ్బలుంటే వైద్య పరీక్షకు పిటిషన్ వేయడం, స్టేషన్ సీసీ కెమెరా రికార్డు భద్రపరచమని అదే రోజు అడగడం. స్టేషన్లలో కెమెరాలు ఉండాలని, రికార్డు 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాదైనా దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులోనే ఆదేశించింది. అడిగినవాళ్లకే అది దొరుకుతుంది.

రిమాండ్ రిపోర్టును దగ్గరగా చదవడం రావాలి. అరెస్టు సమయం, చోటు, సమాచారం ఎవరికిచ్చారు, ఎప్పుడు హాజరుపరిచారు అన్నవి వేరువేరు కాగితాల్లో ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది. మధ్యవర్తుల నివేదిక (పంచనామా) దాదాపు ఎప్పుడూ ‘మాకు రాబడిన నమ్మదగిన సమాచారం మేరకు’ అనే మొదలవుతుంది. ఇద్దరు మధ్యవర్తులుంటారు, మామూలుగా ఒకరు వీఆర్వో. ముద్దాయి ‘పారిపోబోగా చుట్టుముట్టి పట్టుకున్నాం’ అని ఉంటుంది, ఆ తర్వాత రెండు పేజీల నేర ఒప్పుకోలు, ఆ తర్వాత కత్తో, బండో, డబ్బో స్వాధీనం. పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు. దాని ద్వారా కొత్తగా బయటపడిన వస్తువు వరకే పనికొస్తుంది. అందుకే అబద్ధపు కేసు బరువంతా ఆ స్వాధీనం మీద పడుతుంది. వీఆర్వో ఆ రోజు ఏ ఊళ్లో డ్యూటీలో ఉన్నాడు, నివేదిక మొదలై ముగిసిన సమయానికీ స్టేషన్‌కు తిరిగొచ్చిన సమయానికీ మధ్య దూరం సరిపోతుందా, వస్తువు ముందే పోలీసుల దగ్గరుందా అన్నవి చూడాలి. కొత్త చట్టం సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. ఆ వీడియో కాపీ అడగకుండా విచారణకు పోయే లాయరు సగం ఆయుధం వదిలేసినట్టే.

ఇంకొకటి. ప్రెస్‌మీట్‌లో ముసుగు లేకుండా నిలబెట్టి ఫొటో తీస్తే, ఆ తర్వాత జైల్లో సాక్షులు ముద్దాయిని గుర్తుపట్టేందుకు పెట్టే గుర్తింపు పరేడ్‌కు విలువ తగ్గుతుంది. జిల్లా ఎడిషన్ పేపరు కటింగు తేదీతో సహా దాచాలి. లాయరు మొదటి రిమాండులోనే ‘ముద్దాయి ముఖం సాక్షులకు చూపించారు’ అని రాతలో పెట్టాలి.

బెయిల్ పిటిషన్లు ఈ ఆఫీసు బాగా చేస్తుంది. గడువు బెయిలు విషయంలో మాత్రం కుటుంబం కూడా లెక్క పెట్టుకోవాలి. ఉరి, జీవిత ఖైదు, పదేళ్లు అంతకు పైబడిన శిక్ష ఉన్న కేసుల్లో 90 రోజులు, మిగతావాటిలో 60. ఆలోపు ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కు. లెక్క రిమాండు ఇచ్చిన రోజు నుంచే, ఆ రోజును కూడా కలుపుకుని. గడువు దాటాక, ఛార్జిషీటు వేసేలోపు పిటిషన్ పడాలి. ఉదయం ఛార్జిషీటు వేసి మధ్యాహ్నం మనం పిటిషన్ వేస్తే హక్కు పోయినట్టే. అందుకే గడువు ముగిసే ముందురోజుకే పిటిషన్, జామీన్దారుల కాగితాలు సిద్ధంగా పెట్టుకోవాలి. వందల కేసులు చూసే ఆఫీసులో మన ఒక్క కేసు తేదీ జారిపోవడం అసాధ్యమేమీ కాదు. పోలీస్ స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు, రిమాండ్ తేదీ, 60 లేదా 90వ రోజు తేదీ ఒక చీటీ మీద రాసి లాయరుకు ఇచ్చిరావడం ఎవరైనా చేయగల పని.

విచారణలోనే ఏళ్లు గడిచిపోతే సెక్షన్ 479 ఉంది. గతంలో ఎప్పుడూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం జైల్లో గడిపితే విడుదలకు అర్హులు. ఉరి, జీవిత ఖైదు పడే నేరాలకు వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులున్నా వర్తించదు. ఒక్క గొడవకు మూడు ఎఫ్ఐఆర్‌లు కట్టే అలవాటున్న చోట ఈ చివరి షరతు ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కర్లేదు.

బెయిలొచ్చినా మనిషి బయటికి రాకపోవడానికి కారణం జామీన్లు. ఇంటి పన్ను రశీదు, 1బీ, ఆధార్, ఫొటోలతో ఇద్దరు నిలబడాలి. డబ్బు తీసుకుని నిలబడే జామీన్దారుల్ని పట్టుకోవద్దు, వాళ్ల కాగితాలు దొంగవని తేలితే ఇంకో కేసు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ప్రకారం, బెయిలొచ్చి వారంలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెలలోపు జామీన్లు పెట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతు సడలించే విషయం చూడాలి. పేద ఖైదీల సాయానికి కేంద్రం 2023లో తెచ్చిన పథకంలో జామీను మొత్తానికి డబ్బు ఇచ్చే వీలుంది. ఈ సేవ నిజంగా మెచ్చుకోవాల్సింది ఇక్కడే. సంస్థ పట్టించుకున్న చోట షరతులు తగ్గి మనుషులు ఇల్లు చేరతారు. 2022 చివరి జైళ్ల లెక్కల్లో దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే 75.8 శాతం. ఇంకా నేరం రుజువు కానివాళ్లే జైళ్లను నింపుతున్నారు.

ఇక బలహీనత. పోలీసుల వైపు దర్యాప్తు అధికారి, సిబ్బంది, ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంటాయి. ఉచిత లాయరు వైపు ఊరికి పోయి సాక్షుల్ని కలిసే మనిషి లేడు, సొంతంగా నిపుణుడి చేత రిపోర్టు తెప్పించే ఏర్పాటు లేదు. ఛార్జిషీటులో ఉన్న కాగితాల్లో లొసుగులు పట్టి క్రాస్ ఎగ్జామినేషన్ చేయగలడు. ముద్దాయి ఆ సమయానికి వేరే చోట ఉన్నాడన్న రుజువు ఎవరో తెచ్చివ్వాలి. అది కుటుంబమే తేవాలి, అదీ మొదటి రెండు వారాల్లోనే. బంకు, కిరాణా షాపు, ఏటీఎం దగ్గర కెమెరాల్లో పాత రికార్డు మీద కొత్తది ఎక్కిపోతుంది, చాలా చోట్ల నెల కూడా నిలవదు. షాపు యజమానిని బతిమాలి పెన్‌డ్రైవ్‌లో తీసుకుంటే సరిపోదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద ధ్రువీకరణ కావాలి, లేకుంటే కోర్టు తీసుకోదు. అందుకే లాయరు చేత సెక్షన్ 94 కింద పిటిషన్ వేయించి, ఫలానా షాపు ఫలానా తేదీ రికార్డు భద్రపరచమని కోర్టు ద్వారా అడిగించడం మేలు. ఫోన్ కాల్ వివరాలు, టవర్ లొకేషన్ కంపెనీలు రెండేళ్లు దాచాలి. విచారణ అంతకంటే ఆలస్యంగా మొదలవడం మామూలే కాబట్టి ఆ పిటిషన్ కూడా ముందే పడాలి. బస్సు టికెట్టు, ఉపాధి హామీ మస్టరు, ఆసుపత్రి ఓపీ చీటీ, మార్కెట్ యార్డు తక్‌పట్టీ ఏదైనా సరే, తేదీ, సమయం ఉన్న కాగితమే అక్కరకొస్తుంది. పదిమంది బంధువుల అఫిడవిట్లకంటే ఒక్క మస్టరు రోలు నయం.

ఇంట్లో అందరి పేర్లూ కలిపి పెట్టే కేసుల్లో డిశ్చార్జి పిటిషన్, అంటే విచారణ మొదలవకముందే కేసు నుంచి తప్పించమని అడిగే పిటిషన్ మర్చిపోవద్దు. మేజిస్ట్రేటు కోర్టు వారంట్ కేసుల్లో (రెండేళ్లకు మించి శిక్ష ఉన్నవి) ఛార్జిషీటు కాపీలు అందిన 60 రోజుల్లోపు, సెషన్స్ కేసుల్లో కేసు సెషన్స్ కోర్టుకు పోయిన (కమిట్ అయిన) 60 రోజుల్లోపు వేయాలి. కొత్త చట్టం పెట్టిన గడువిది. డెబ్బై ఏళ్ల అవ్వ మీద హత్యాయత్నం కేసు, పాత ఐపీసీ 307, అంటే దాని స్థానంలో వచ్చిన న్యాయ సంహితలో 109 పెట్టినప్పుడు ఆమె చేతిలో ఏ ఆయుధముందో, ఎవరిని కొట్టిందో వాంగ్మూలాల్లో ఒక్క మాట లేకపోతే డిశ్చార్జికి గట్టి ఆధారం. ఎఫ్ఐఆర్ కాపీ పోలీస్ వెబ్‌సైటులో దొరుకుతుంది. మామూలు కేసుల్లో 24 గంటల్లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశం. వాయిదాలు ఈ-కోర్ట్స్ యాప్‌లో 16 అంకెలు, అక్షరాల సీఎన్‌ఆర్ నంబరుతో చూసుకోవచ్చు.

ఒక హెచ్చరిక. లోక్ అదాలత్ రోజున చిన్న కేసుల్లో ‘ఒప్పేసుకో, ఫైన్ కట్టి ఇంటికి పో’ అని చుట్టూ ఉన్నవాళ్లు చెప్తారు. రాజీకి వీలున్న కేసులో ఇరువర్గాలు రాజీపడితే అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. నేరం ఒప్పుకుని ఫైన్ కట్టడం శిక్ష పడినట్టు లెక్క. వెయ్యి రూపాయల ఫైనే అయినా కానిస్టేబుల్ ఉద్యోగానికి అడ్డం పడొచ్చు. తప్పు చేయని మనిషి ఏ సంతకం పెట్టే ముందైనా ‘ఇది రాజీనా, ఒప్పుకోలా?’ అని లాయర్ని గట్టిగా అడగాలి. ఈ తేడా చెప్పకుండా సంతకం పెట్టించడం మా దృష్టిలో క్షమించరానిది.

ఎర్రచందనం కేసుల్లో ముందస్తు నిర్బంధం, అంటే పీడీ యాక్టు పెడితే జిల్లా ఆఫీసు పరిధి దాటిపోతుంది. అమరావతిలో హైకోర్టు న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు చేసుకుని హెబియస్ కార్పస్ (అక్రమ నిర్బంధం నుంచి విడిపించమనే పిటిషన్) వేయించాలి. జైలు నుంచే పంపొచ్చు.

కేసు కొట్టేశాక ఏముంది? అప్పీలు వస్తే హాజరవుతానని ఆరు నెలల బాండు రాయించుకుంటారు. ఆధారం లేని అరెస్టుకు చట్టం ఇచ్చే పరిహారం మహా అయితే వెయ్యి రూపాయలు, అది సెక్షన్ 399. పాత చట్టంలోనూ వెయ్యే, 2023లో చట్టం తిరగరాసినా వెయ్యే. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలో జరిగిన ఆయేషా మీరా హత్య కేసులో 2008లో పట్టుకున్న యువకుడికి 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలి లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్లకు పైగా జైలు, లక్ష రూపాయలు. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ 1994లో అరెస్టయితే, 2018లో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించింది. అంత దూరం పోరాడే ఓపిక, పేరు ఎందరికుంటాయి? 2018 ఆగస్టులో లా కమిషన్ 277వ నివేదికలో తప్పుడు ప్రాసిక్యూషన్‌కు పరిహారం చట్టబద్ధ హక్కు కావాలని, అందుకు ప్రత్యేక కోర్టులు పెట్టాలని సిఫారసు చేసింది. కొత్త చట్టాల్లో అది చోటు చేసుకోలేదు. ఈ ఒక్కటి లేనంతకాలం తప్పుడు కేసు పెట్టినవాడికి నష్టం లేదు, పడ్డవాడికి తీరేది లేదు.

ఉన్న దారులు రెండు. అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినవాళ్ల మీద చర్యకు, కేసు నడిచిన కోర్టులోనే సెక్షన్ 379 కింద అర్జీ పెట్టాలి. న్యాయ సంహిత 248 కింద అయిదేళ్లు, తీవ్రమైన నేరం మోపి ఉంటే పదేళ్ల దాకా శిక్షకు వీలుంది. కేవలం అనుమానపు లాభంతో విడుదలైతే ఇది నిలవడం కష్టం, ఆరోపణ అబద్ధమని తీర్పులో ఉండాలి. రెండోది దురుద్దేశపూర్వక ప్రాసిక్యూషన్‌కు నష్టపరిహార దావా. గడువు విడుదలైన రోజు నుంచి ఒక్క ఏడాదే. ప్రభుత్వం మీద వేస్తే ముందు రెండు నెలల నోటీసు తప్పదు. ఇది సివిల్ కాబట్టి డిఫెన్స్ కౌన్సిల్ చూడరు. ప్యానెల్ లాయరు కోసం అదే ఆఫీసులో మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టాలి. ఇప్పుడు కస్టడీలో లేరు కాబట్టి, మహిళలు, ఎస్సీ, ఎస్టీల్లాంటి మినహాయింపు ఉన్నవాళ్లకు తప్ప, ఆదాయ పరిమితి వర్తిస్తుంది. అర్హత ఉంటే కోర్టు ఫీజు కూడా సంస్థే భరిస్తుంది, లక్షల్లో అడిగే దావాకు ఆ ఫీజు చిన్నది కాదు. తీర్పు వచ్చిన వారంలోనే సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టి, మూడు ప్రతులు తీసుకోవాలి. ఒకటి ఈ దావాకు, ఒకటి రౌడీషీటు తెరిచి ఉంటే మూయించమని ఎస్పీకి ఇచ్చే అర్జీకి, ఒకటి ఉద్యోగం అటెస్టేషన్ ఫారానికి. ఆ ఫారంలో కేసు సంగతి దాచకుండా రాయాలి, కొట్టేసిన కేసు కంటే దాచిన కేసే ఉద్యోగాలు తీసేస్తోంది.